జర్మనీ సీసాకు బాపు కట్టిన గుడ్డ

కారం లేకుండా మాంసం వండమంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో మంచిర్యాల దగ్గర ఒక ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో నేను వంటవాణ్ణి, అదీ టెంపరరీ. మిషన్లు బిగించడానికి వచ్చిన జర్మనీ ఇంజినీరు రెండు నెలల పాటు నా ప్రాణం తీశాడు.

ఆయన తమ ఊరి ద్రాక్షతో చేసిన ఎర్ర వైను సీసా ఒకటి తెచ్చుకున్నాడు. ఒక్కటే. మిషన్ నడిచిన రోజు మధ్యాహ్నం భోజనంలో అందరికీ తలా కొంచెం పోయాలని ఆయన కోరిక. దానితో ఏం తినాలో కూడా ఆయనే నేర్పాడు. ఉల్లిగడ్డలతో మెల్లగా ఉడికించిన మేకమాంసం, వెన్నలో వేయించిన పుట్టగొడుగులు, ఉడకబెట్టిన ఆలుగడ్డలు. మిరపకాయ మాటే ఎత్తకూడదు. ఆయన మాటలు నాకు విప్పి చెప్పే గుమాస్తాను ఎందుకని అడిగాను.

"కారం తగిల్తె గా వైను రుచి సచ్చిపోతదట. గాయన ఫికర్ గాయనది, నువ్వు వండు" అన్నాడు.

నాలుగుసార్లు మాంసం వండాను, నాలుగుసార్లూ వంక పెట్టాడు. ఒకసారి అల్లం ఎక్కువైందట, ఇంకోసారి ముక్క ఉడకలేదట. పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాను. ఆ భోజనం బాగా జరిగితే నన్ను పర్మనెంట్ చేస్తానని మేనేజర్ మాట ఇచ్చాడు మరి.

రోహిణి ఎండలు. గెస్ట్‌హౌస్ రేకుల వేడికి వైను పాడవుతుందని, సీసాను నా క్వార్టర్‌లో ఇసుకలో నిలబెట్టి తడి గోనెసంచి కప్పమన్నాడు ఇంజినీరు. రోజూ సంచి మీద నీళ్లు చల్లేవాణ్ణి, ఎత్తి చూడలేదు. ఆ మధ్యే మా నాన్న, మేం బాపు అంటాం, వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లాడు. ఆయన లక్సెట్టిపేట అవతల ఊళ్లో తాటిచెట్లెక్కి కల్లు తీసే మనిషి. నేను పనిలో ఉంటే ఇంట్లో ఒక్కడే ఉన్నాడు.

తొలకరి పడింది, పుట్టగొడుగులు దొరికాయి, మిషన్ నడిచింది. మాంసం కూడా ఈసారి నిజంగా కుదిరింది. తీరా సంచి తీస్తే సీసాకు బిరడా లేదు. మూతికి పలుచని గుడ్డ, దాని చుట్టూ తాటినారతో ముడి. కల్లు లొట్టికి బాపు వేసే ముడే అది. కల్లుకు గట్టిగా మూత బిగిస్తే పొంగి కుండ పగులుతుంది, దానికి గాలాడాలి. మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. వైనుకు ఆ గాలే విషమని మాకెవరు చెప్పారు? ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి కంపు కొట్టింది.

ఇంజినీరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక చుక్క నాలుక మీద వేసుకుని గ్లాసు పక్కన పెట్టాడు. మాంసం కూడా ముట్టలేదు. అనాల్సినవన్నీ మేనేజరే అన్నాడు. మూడో రోజుకు కొత్త వంటవాడు వచ్చాడు.

ఆ రోజే బస్సెక్కాను. బాపును ఏమేం అనాలో దారి పొడుగునా మనసులో కూర్చుకుంటూ పోయాను. ఆయన అప్పుడే చెట్టు దిగి, మోకు భుజాన వేసుకుని నిలబడ్డాడు. కాళ్లింకా వణుకుతున్నాయి. నన్ను చూసి మొదట అడిగింది ఆ సీసా సంగతే.

"దొర సీసా పేలలే గద కొడుకా? బిరడా మస్తు గట్టిగుండె, కత్తితోని తీసేసరికి పానం వోయింది. గది పేల్తె నీ నౌకరి వోతదని పరేషానైన."

ఆయన భుజం మీది మోకు అందుకుని నా భుజాన వేసుకున్నాను. కోపం పోలేదు, ఇప్పటికీ పోలేదు.

"పేలలే బాపూ" అన్నాను.