మానుకున్న పూట

సర్కారు దవాఖాన ముందు నుంచి ఎప్పుడు నడిచినా నాకు ఫినాయిల్ వాసన వెనకాలే జొన్నరొట్టె కాలుతున్న వాసన వస్తుంది. నిజానికి అక్కడిప్పుడు రొట్టె కాల్చేవాళ్లెవరూ లేరు. గేటు పక్కన టిఫిన్ బండ్లు, మందుల షాపులు, జెరాక్స్ దుకాణం, వాటి ముందు ఆటోలు, అవతల ముంబై రోడ్డు మీద ఆగకుండా పోయే లారీలు. అయినా చలి తగ్గి, ఎండ కాస్త ముదిరి, చేల గట్ల మీద మోదుగులు పూసే రోజుల్లో ఆ వాసన మరీ గట్టిగా తగులుతుంది, ఎందుకంటే మా ఇళ్లలో శ్రమకాలం మొదలయ్యేది అప్పుడే.

మా ఊరు జహీరాబాదుకు ఆనుకునే ఉండేది. మా గల్లీ ఊరి చివర, కాసిన్ని పెంకుటిళ్లు, సున్నం కొట్టిన చిన్న చర్చి, దాని ముందు మేం గోటీలాడే ఎర్రమట్టి నేల. అందరం కిరస్తానీలమే. అంతకు ముందు ఎవరమో మేం మరిచిపోదామన్నా ఊరు మరవనిచ్చేది కాదు. ఈస్టరుకు ముందరి ఆ నలభై రోజుల శ్రమకాలం పిల్లలకు నచ్చే కాలం కాదు. క్రిస్మస్‌కు కట్టిన కాగితపు నక్షత్రాలు చూరుల్లో వెలిసిపోయి వేలాడుతుండేవి, అరిశెల డబ్బా అడుగు కనబడి చాలా రోజులై ఉండేది, పెళ్లిళ్లుండవు, కొత్త బట్టలుండవు, కూరలో మాంసం ఉండదు, చర్చిలో పాటలు కూడా గొంతు తగ్గించి పాడేవారు. చెరకు బండ్ల వెనక పరిగెత్తి గడలు లాక్కోవడం, కొత్త చింతపండులో ఉప్పు అద్దుకుని పళ్లు పులిసేదాకా నాకడం, అంతే మాకు మిగిలిన పండుగ.

పెద్దవాళ్లు ఆ రోజుల్లో మధ్యాహ్నం తినేవాళ్లు కాదు. అలాగని వంట ఆగేది కాదు. రోజూ కాలినన్ని రొట్టెలూ కాలేవి, పప్పు ఉడికేది, అదంతా గుడ్డలో మూటకట్టి సర్కారు దవాఖానకు తీసుకెళ్లి, ఎవరూ లేని రోగి ఎవరైనా ఉంటే వాళ్లకు పెట్టి వచ్చేవాళ్లు. గల్లీలో ప్రతి ఇంటిదీ ఇదే పద్ధతి. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. మా అవ్వ మాత్రం దానికి తన వ్యాఖ్యానం తాను చెప్పేది. "మానుకున్న పూట మనది గాదు. మిగుల్చుకుంటే అది ఉపాసం గాదు, పిసినారితనం."

అవ్వ అంటే మా నాయిన తల్లి, శాంతమ్మ. పొడుగ్గా, ఎండిపోయినట్టు ఉండేది. అల్లం మండీలో అల్లం కడిగే కూలి పని చేసేది కాబట్టి ఆమె చేతులు ఆదివారం కూడా అల్లం వాసనే వేసేవి. ప్రార్థన కళ్లు తెరిచే చేసేది. ఎందుకే అంటే, కళ్లు మూసుకుంటే పప్పు పొంగిపోతుందనేది. నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు పంతం పట్టి, పెద్దవాళ్లతో పాటు నేనూ అన్ని రోజులూ మధ్యాహ్నం మానేస్తానన్నాను. "నీతోని గాదు బిడ్డా" అంది గాని, కాదనలేదు. మూట కట్టేటప్పుడు నా వంతు రొట్టె కూడా అందులో పెట్టింది.

ఆ ఏడు దవాఖానలో ఎవరూ లేని మనిషి ఎవరని అవ్వ ఆయాను అడిగితే, ఆమె చూపించిన మంచం మీద మా ఊరి పటేలు పడుకుని ఉన్నాడు. తుంటి విరిగిందట. ఇద్దరు కొడుకులు భూమి పంపకం దగ్గర కోర్టుకెక్కి, ఆయనను చిన్నోడు చూస్తాడని పెద్దోడు, పెద్దోడు చూస్తాడని చిన్నోడు వదిలేశారు. అంత పంట భూమి ఉన్న మనిషి, ఎవరు వండారో తెలియని అన్నం ముట్టనని, దవాఖాన వాళ్లిచ్చిన రొట్టె కూడా తోసేసి, చాయ నీళ్ల మీద బతుకుతున్నాడు. ఇట్లనే ఉంటే ఎముక అతకడం సంగతి దేవుడెరుగు, మనిషే దక్కడని డాక్టరమ్మ అందని ఆయా చెప్పింది.

ఈ పటేలే, మా తాత చచ్చిపోయినప్పుడు, మా బరియల్ గ్రౌండుకు పోయే బాటకు అడ్డంగా తుమ్మకంప వేయించాడు. బాట తన అల్లం చేను అంచున పోతుందని ఆయన వాదన. అది వానాకాలం. పాడెను ఊరి చుట్టూ తిప్పి, మోకాళ్ల లోతు బురదలో మోసుకెళ్లారు. నాయిన పెద్దకొడుకు కాబట్టి ముందు మోస్తున్నాడు. జారి పడ్డాడు, పాడె ఒరిగింది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

అవ్వ మంచం దగ్గర మూట విప్పింది. "పటేలా, రొట్టె తెచ్చిన. జర తిను."

ఆయన మూటను చూశాడు, అవ్వను చూశాడు. "శాంతమ్మా, గంత కర్మ నాకింక రాలే. తీస్కపో" అని గోడవైపు తిరిగాడు. అవ్వ ఆ రొట్టెలు మూలనున్న ముసలాయనకు పెట్టి వచ్చింది. మర్నాడు మళ్లీ పోయింది. మళ్లీ ఆయన గోడవైపు తిరిగాడు.

విషయం తెలిసి నాయిన తాపీ సంచి గుమ్మంలోనే పడేశాడు. ఆయన మేస్త్రీ, మాట తక్కువ మనిషి. "మా నాయిన పాడెను బురదల దిప్పినోనికి రొట్టె మోస్తున్నవా? వాడు మొకం దిప్పుకుంటే మల్ల పోతున్నవా? సచ్చిపోనీ."

అవ్వ ఆ సంచి తీసి గోడకు ఆనించింది. తర్వాత, "సచ్చిపోనీ అన్న మాట నేను ఇనలే" అంది. "నొప్పి నీదే, నాదే. ఆకలి మాత్రం వానిది."

నేను నాయిన వైపే ఉన్నాను. నేను కడుపు మాడ్చుకుని ఇచ్చిన రొట్టె ఆ మనిషి గోడవైపు తిరగడానికా అని మండిపోయింది.

పక్క మంచం రోగి న్యాల్‌కల్ దిక్కు రైతు, కాలికి పట్టీ వేసి ఉండేది. అతని భార్య గౌరమ్మ దవాఖాన వెనక మూడు రాళ్లు పెట్టి మొగుడికి రొట్టెలు కాల్చేది. లింగాయతుల మనిషి, నుదుట విభూతి. మూడో రోజు అవ్వ రొట్టెలు తీసుకెళ్లలేదు. జొన్నపిండి, కందిపప్పు తీసుకెళ్లి నేరుగా ఆ పొయ్యి దగ్గరికి పోయింది. "తల్లీ, జర నీ పిండితోని ఇది గూడ పిసుకు. పటేలుకు నువ్వే పెట్టు. నా పేరు తియ్యకు."

గౌరమ్మ అవ్వ ముఖంలోకి చూసి, "హౌదక్కా, పెడ్త" అంది. పళ్లెం కాస్త దూరంగా పట్టి పిండి పోయించుకుంది. ఆమె ఇంటి ఆచారం ఆమెది. పిండికి అంటు లేదు, రొట్టెకే అంటు. ఇది ఎవరు కనిపెట్టారో గాని, ఆ రోజు దాని పుణ్యాన పటేలు తిన్నాడు. కిటికీ బయట నుంచి నేను చూశాను. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు, తర్వాత చిన్నపిల్లాడిలా గబగబా తిన్నాడు. ఆ తినడం చూసినప్పుడు నా కోపం కాసేపు ఎక్కడికో పోయింది.

ఈస్టరుకు వారం ముందరి మట్టల ఆదివారం దాకా అట్లాగే సాగింది. పటేలు కర్ర పట్టుకుని లేచాడు. పెద్దకొడుకు పరువు కోసం జీపు తెచ్చి తీసుకెళ్లాడు.

బడి సెలవుల్లో అల్లం విత్తనం పెట్టే కూలికి అవ్వతో నేనూ పోయాను. చేను పటేలుదే. ఆ సీజన్లో పని ఆయన దగ్గరే ఉంది, నాయిన ఎంత గునిసినా పొయ్యి వెలగాలిగా. మధ్యాహ్నం నీళ్లకు కూర్చున్నాం. జీతగాడు చెంబు పైకెత్తి మా దోసిళ్లలో నీళ్లు పోస్తున్నాడు. పటేలు మంచె నీడలో కూర్చుని, వింటున్నారో లేదో చూసుకోకుండా అందరికీ చెప్పాడు.

"కొడుకులు ఇడిసిపెట్టిన్రు. గా లింగాయతుల తల్లి ఎవలో, నన్ను బతికిచ్చింది. దాని చేతి రొట్టె నేను సచ్చేదాక మరువ."

మాట నా నాలుక చివరికి వచ్చింది. నోరు తెరిచాను కూడా. అవ్వ తడి చేయి నా మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా. "దేవుడు మంచిగ జూసిండు పటేలా" అంది, దోసిలి మళ్లీ పట్టింది.

ఇంటికొచ్చే దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఎందుకు చెప్పనివ్వలేదని, ఆయనకు తెలియాలని, ఆ రొట్టె నాదని, నేను ఆకలితో ఉన్నానని, నోటికొచ్చిందల్లా అన్నాను. అవ్వకు ఏమీ అనిపించదని, ఆమెది రాయి గుండె అని కూడా అన్నాను. ఆమె ఆగింది. కొంగుతో ముఖం తుడుచుకుంటుంటే చూశాను, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాకు నొయ్యదనుకున్నవా?" అంది. "గా చెంబు అంత మీదికెల్లి పోస్తుంటే నాకు నొయ్యలేదా? చెప్తె వాడు తిన్నదంత కక్కుకుంటడు బిడ్డా. తిన్నోని కడుపుల కెల్లి అన్నం గుంజుకుంటమా?"

ఇప్పుడా గల్లీలో శ్రమకాలపు మధ్యాహ్నం పొయ్యిలు వెలగవు. ఆ నలభై రోజుల్లో ఒక రోజు చూసుకుని, చర్చి తరఫున యువకులు బ్యానర్ పట్టుకుని దవాఖానకు పోతారు. ఒక రోగి, రెండు అరటిపండ్లు, ఆ పండ్లను పట్టుకున్న నాలుగు చేతులు, సాయంత్రానికి ఫొటో అందరి ఫోన్లలో. వాళ్లను తప్పుపట్టను, ఆ రోజు ఆ రోగికి పండు దొరికింది. బరియల్ గ్రౌండు బాట ఇప్పుడు సిమెంటు రోడ్డు, పటేలు చేను ప్లాట్లయింది, మండీలో అల్లం మిషన్లు కడుగుతున్నాయి. పటేలు పోయాడు. నాయినా ఎక్కువ కాలం ఉండలేదు. అవ్వ వాళ్లిద్దరి కంటే చాలా వెనక పోయింది, ఆ రొట్టెల సంగతి ఒక్క మనిషికీ చెప్పకుండా.

నాకు ఆ ఓర్పు రాలేదు. పటేలు మనవలెవరైనా ఇది చదివితే చదవనీ, వాళ్ల తాతను లేపి నిలబెట్టిన జొన్నలు మా ఇంటివని తెలియనీ. అవ్వ ఉంటే నన్ను ఈ మాట రాయనిచ్చేది కాదు.