మూసాపేటలో మూగనయ్యాను

తెలంగాణ ఉద్యమం రోజులవి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నేను, ఉగాండాలో ఏడాదిపాటు పిల్లలకు స్వచ్ఛందంగా కంప్యూటర్ నేర్పడానికి ఎంపికయ్యాను. వెళ్లే ముందు తప్పనిసరైన టీకా వేయించుకుని ఆటోలో కూకట్‌పల్లి వస్తుంటే, మూసాపేటలో ఉద్యమకారుల వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు, భోజనాల బంతులు. ముందూ వెనకా బండ్లు. మా ఆటో డ్రైవరు కూడా దిగి వాళ్లలో కలిసిపోయాడు.

మాది తెనాలి. నోరు విప్పితే యాస పట్టేస్తారని నాకు భయం.

ఒకామె వచ్చి, "ఏంది బిడ్డా, ఎండల గిట్ల కూసున్నవ్? దిగు, ఇంత తిను" అంది. తల అడ్డంగా ఊపాను. ఏమడిగినా అంతే.

"అయ్యో, మాటలు రావు గావచ్చు!" అంటూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బంతిలో కూర్చోబెట్టింది. ఇక అందరూ నాతో సైగలే. ఇప్పుడు మాట్లాడితే ఇంకా ప్రమాదం. తల వంచుకుని అన్నం కలిపాను.

అంతలో అమ్మ ఫోను. కట్ చేసినకొద్దీ మోగుతోంది. చివరికి ఎత్తి, "అన్నం తింటన్నానమ్మా, కంగారు పడమాకు!" అన్నాను.

బంతిలో తలలన్నీ నావైపు తిరిగాయి. ఆమె నన్నే చూస్తూ గరిటె ఎత్తింది.

"మా పప్పు తినంగనే మాటలొచ్చినయ్! ఇంకింత ఏసుకో."

అందరూ ఘొల్లున నవ్వారు.

ఉగాండాలో నాకు అక్కడివాళ్ల భాష నిజంగానే రాదు. అయినా నోరు మూసుకుని మాత్రం ఒక్కరోజూ కూర్చోలేదు.