మూత తీసిన సీసా

మా రీసెర్చి గైడు మేడం పోయారని మొన్న ఆదివారం పొద్దున్నే ఫోనొచ్చింది. ఊపిరితిత్తులు పాడై ఏడాదిగా మంచం మీదే ఉన్నారు. ఎదురుచూస్తున్న కబురే.

తొంభైల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పాసయ్యాక ఫెలోషిప్ కోసం చెప్పులరిగేలా తిరిగాను. సీటున్నచోట ఫెలోషిప్ లేదు, ఫెలోషిప్ ఉన్నచోట గైడు లేడు. హార్బరుకీ ఆయిలు రిఫైనరీకీ ఆనుకునున్న మల్కాపురంలో కూలికెళ్ళే మా నాన్న తేల్చి చెప్పేశాడు. "ఈసారి రాకపోతే ఏదో బళ్ళో టీచరుగా సేరిపోమ్మా. నాను మరి సదివించలేను."

అలా ఆఖరి ఇంటర్వ్యూకి వెళ్ళాను. సీటు ఒకటి, మేం ముగ్గురం. మేడం ప్రశ్నలేమీ వేయలేదు. హార్బరు అడుగునుంచి తీయించిన నల్లటి బురద సీసాలో తెచ్చి, మూత తీసి మా ముందు పెట్టారు.

"ఏటి వాసనొస్తన్నాది?"

ఒకతను తల వెనక్కి లాక్కుని కుళ్ళిన గుడ్డన్నాడు. రెండో అమ్మాయి రుమాలు అడ్డం పెట్టుకుని కిరసనాయిలంది. నేను ముక్కు సీసాలో పెట్టినంత పని చేశాను. వాళ్ళ మాటే నేనూ అనేద్దామనిపించింది గానీ నోరు రాలేదు.

"ఏటీ రాట్లేదండి."

వాళ్ళిద్దరూ నవ్వారు. మేడం నవ్వలేదు.

"మీదేవూరమ్మా?"

"మల్కాపురమండి. పుట్టినకాణ్ణించీ అక్కడే."

ఆవిడ మెల్లగా మూత బిగించి ఫెలోషిప్ నాకిచ్చారు. ఇంటికొచ్చి చెబితే నాన్న వీధంతా మిఠాయి పంచాడు. నేను మాత్రం వాకిట్లోకెళ్ళి రిఫైనరీ గాలి గట్టిగా పీల్చి చూశాను, ఏ వాసనా తగల్లేదు.

ఆ తర్వాత పడవలో ఆవిడ వెంట ఎన్నిసార్లు వెళ్ళానో. కొంగు బిగించి అంచున కూర్చుని, తీసిన ప్రతి బురదా ముందు తనే వాసన చూసేవారు. మాస్కు పెట్టుకోండని బతిమాలితే కసిరేవారు. "ముక్కు మర్చిపోద్దే, మట్టి మర్చిపోదు. మర్చిపోయినోళ్ళ తరపున మట్టిలో ఇసమెంతుందో మనం లెక్క తియ్యాల." నాకు అన్నం పెట్టిన మాట అది. ఆవిణ్ణి తినేసిందీ అదేనేమోనని ఇప్పుడు భయమేస్తోంది.

చివరిసారి చూడబోయేముందు కొత్త బురద తెమ్మని కబురు పెట్టారు. తీసుకెళ్ళి సీసా మూత తీసి పట్టుకున్నాను. కళ్ళు మూసుకుని చాలాసేపు పీల్చారు.

"ఏటీ రాట్లేదే" అన్నారు. నా చెయ్యి పట్టుకుని కొంచెం నవ్వారు. "ఇక నాదీ మల్కాపురమే."

ఆవిడ డిపార్ట్‌మెంటులోనే పాఠాలు చెబుతున్నాను గనక, ఈ వారం ఆవిడ కుర్చీలో కూర్చుని ఫెలోషిప్ ఇంటర్వ్యూ నేను చేయాల్సి వచ్చింది. ఆ సీసానే, తాజా బురద. కొత్తగా అరకు కొండల నుంచి వచ్చిన అటెండరమ్మ మూత తీస్తూనే కొంగుతో ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తింది.

వచ్చినవాళ్ళు ముగ్గురు, ముగ్గురూ ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళే. ఒకరిది కంచరపాలెం, ఒకరిది ఉక్కునగరం, ఒకరిది బీచి పక్క వీధి. ముగ్గురూ సీసా మీదికి వంగారు, పీల్చారు, మళ్ళీ పీల్చారు. ఎవరి చెయ్యీ ముక్కు దగ్గరికి పోలేదు. తలలెత్తి, నేనేమడుగుతానా అని నా వంక చూస్తున్నారు.