తెలియదని చెప్పిన అయ్యగారు

అయ్యగారు చనిపోయారని గురువారం పొద్దున ఆయన భార్య, అమ్మగారు, ఎదురింటి నుంచే ఫోన్ చేసి చెప్పింది. నేను అప్పుడు చీరకు లేసు కుడుతున్నాను. "నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా. మీ నాన్నగారికి నువ్వే చెప్పాలి" అంది. మా నాయినకు చెవులు వినపడవు. ఎదురుగా కూర్చుని, పెదవులు మెల్లగా కదుపుతూ చెప్పాను. మొదటిసారే అర్థమైందని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. అయినా ఇంకోసారి చెప్పమన్నాడు.

అయ్యగారంటే లూథరన్ పాస్టరు. మేము క్రైస్తవులం కాదు. కరీంనగర్ దిక్కు నుంచి సూరత్‌కు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేయడానికి వచ్చినవాళ్ళం. ఆయనది గుంటూరు వైపు. పదకొండేళ్ళ కింద సూరత్‌లోని కతర్‌గామ్‌లో మా ఎదురింట్లో అద్దెకు దిగారు. చర్చి అంటే బట్టల గోదాము మీద ఒక గది, అంతే. ఒక ఆదివారం అక్కడ ప్రార్థన, మరో ఆదివారం సూరత్ దగ్గరి కిమ్‌లో, ఇంకో ఆదివారం ఇచ్ఛాపూర్‌లో ఫ్యాక్టరీ పనికి వచ్చిన తెలుగువాళ్ళ ఇళ్ళలో.

నాకు మొదటినుంచీ తెలుసుకోవాలని ఉండేది. ఓ రోజు నల్లా దగ్గర అడిగేశాను.

"లూథరన్ అంటే ఏంది అయ్యగారు? మామూలు క్రైస్తవులు కారా?"

"మామూలువాళ్ళమేనమ్మా. మా దగ్గర చిన్నపిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఒక్కో ఆజ్ఞ చెప్పి, అంటే ఏంటో చెప్పమని అడుగుతారు. అలా పెరిగాను. ఇప్పుడు ఏది చూసినా అడగాలనిపిస్తుంది."

అది నిజమే. తంగేడు దొరకని ఊళ్ళో బతుకమ్మను ఏ పూలతో పేరుస్తారని మా అమ్మను అడిగారు. మా మాటల్లో ఆయనకు 'జర' బాగా నచ్చింది. "జర కూర్చోండి" అని సాగదీసి తప్పుగా పలికేవారు. మేము నవ్వితే ఇంకోసారి పలికేవారు. ప్రసంగం మాత్రం చాలా పొడుగు. ముందు వరసలో కూర్చున్న అమ్మగారే కునుకు తీసేదని ఆయనే చెప్పేవారు.

సాంచాలు ఎలా నడుస్తాయో చూపించమని మా నాయినను వారం రోజులు అడిగితే, ఒక మధ్యాహ్నం శేఠ్‌కు చెప్పి లోపలికి తీసుకుపోయాడు. ఆ చప్పుడులో పక్కవాడి మాట కూడా వినపడదు. అందుకే పనివాళ్ళు చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు విడదీస్తే పోగు తెగిందని, బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్ అని, కాలర్ ముట్టుకుంటే శేఠ్ వస్తున్నాడని. అయ్యగారు బట్టను చూడలేదు, మిషన్లను చూడలేదు. ఆ చేతులనే చూస్తూ నిలబడ్డారట. మరునాటి నుంచి మా గడప దగ్గర కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. గల్లీకి అటు ఆయన, ఇటు మా నాయిన నిలబడి, మాట లేకుండా చాయ్ తాగుదామా అని ఒకరినొకరు అడిగేవాళ్ళు.

తర్వాత నాలుగేళ్ళకు మా నాయిన చెవులు పూర్తిగా పోయాయి. ముప్పై ఏళ్ళు ఆ చప్పుడులో నిలబడ్డ మనిషి. పని మానిపించారు. తన గొంతు తనకు వినపడక, పక్కనున్న మనిషితో కూడా అరిచినట్టు మాట్లాడేవాడు. ఒకసారి కిరాణా దుకాణంలో అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి మాట బంద్. మాతో కూడా మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. తిండి తగ్గింది. నాకు భయం వేసింది.

అయ్యగారు రోజూ నాలుగింటికి వచ్చి కూర్చునేవారు. నాయిన ఇటు తిరిగితే చేతులు కదిపేవారు, తిరగకపోతే ఊరికే కూర్చునేవారు. నెల తర్వాత ఒకటి అడిగారు. ఇచ్ఛాపూర్‌లో తన సంఘంలో ఒకాయనకు ఫ్యాక్టరీలో చెవులు పోయాయని, ఆయన భార్యాపిల్లలకు ఈ చేతిభాష నేర్పాలని, తనకు వచ్చింది సరిపోదని. నాయిన లేచి చొక్కా వేసుకున్నాడు.

నాయిన అలా రెండు ఆదివారాలు పోయేసరికి మా కులపెద్ద ఇంటికొచ్చాడు. "మీ నాయినను చర్చిల కలుపుకుంటుండు. చూసుకో బిడ్డా" అన్నాడు. నేను నేరుగా ఎదురింటికి పోయాను.

"అయ్యగారూ, మా నాయినను మీ మతంల కలుపుకుంటున్నరా? సూటిగ చెప్పుండ్రి."

ఆయన కోపం తెచ్చుకోలేదు. "నన్నే అడిగావు, మంచిది. లేదమ్మా. నా దేవుడి గురించి మీ నాన్నగారు అడిగితే దాచను. అడక్కపోతే చెప్పను. అక్కడ ఆయన గురువు, నేను శిష్యుణ్ణి. నమ్మకం లేకపోతే వచ్చి చూడు."

ఆ ఆదివారం ఇచ్ఛాపూర్‌కు చూడటానికే పోయాను. ఒక్క గది, ఎనిమిది మంది. ప్రార్థన అయ్యాక నాయిన ఆ పిల్లలకు నేర్పుతున్నాడు. చిన్నపాప నీళ్ళు కావాలని చేత్తో అడిగితే వాళ్ళ నాన్న లేచి గ్లాసు ముంచి ఇచ్చాడు. ఇచ్చి మళ్ళీ కూర్చోలేదు. అయ్యగారి ముందుకొచ్చి నిలబడ్డాడు. పైకి చూపించాడు, తన చెవులు చూపించాడు, చెయ్యి తిప్పాడు. దేవుడు ఎందుకిట్ల చేసిండని. గదిలో అందరూ అయ్యగారివైపు తిరిగారు. నేనైతే ముందుకు వంగాను. ఏం జవాబు చెప్తారోనని.

అయ్యగారు రెండు అరచేతులూ తెరిచి, తల అడ్డంగా ఊపారు. "నాకు తెలియదు" అని పైకి కూడా అన్నారు.

ఆ పాప తల్లి ఊరుకోలేదు. "గదేంది అయ్యగారు? మీకే తెల్వకపోతే ఎట్ల?"

"తెలియనిది తెలుసని చెప్తే, రేపు తెలిసింది చెప్పినా మీరు నమ్మరమ్మా" అని, లేచి ఆ పాప తండ్రిని కూర్చోబెట్టి, తనూ పక్కన నేలమీద కూర్చున్నారు. మళ్ళీ ఏమీ బోధించలేదు. బస్సు టైమయ్యేదాకా ఆయన చెయ్యి పట్టుకుని అక్కడే ఉన్నారు.

తిరుగు బస్సులో నాయిన నా వైపు తిరిగాడు. "గంత సదువుకున్నాయన తెల్వదన్నడు బిడ్డా" అన్నాడు. అన్ని నెలల తర్వాత అదే మొదటి మాట. ఎంత గట్టిగా అన్నాడంటే ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నాయిన గొంతు తగ్గించలేదు. ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. నేను కిటికీవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. అయ్యగారు పక్క సీట్లో నిద్రపోతున్నారు, లేక నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నారు. ఏది నిజమో ఎన్నడూ అడగలేదు. ఆయనను అడగకుండా మిగిలిపోయిన ప్రశ్న అదొక్కటే.

కులపెద్ద మళ్ళీ రాలేదు. నాయిన ఆదివారాలు ఆపలేదు. దీపావళికి మా ఇంట్లో దీపాలు పెట్టడమూ ఆపలేదు.

శుక్రవారం సమాధుల తోటకు నేనూ నాయినా పోయాం. కిమ్ నుంచి, ఇచ్ఛాపూర్ నుంచి జనం వచ్చారు. పెట్టెలో, తెల్లని అంగీలో అయ్యగారు చిన్నగా కనిపించారు. వేరే ఊరి పాస్టరు ప్రార్థన చేశారు, అందరూ తెలుగులో పాడారు. మట్టి వేసి జనం వెళ్ళాక నాయిన సమాధి దగ్గరికి నడిచి, చెప్పులు విడిచి, చెక్క సిలువ మీద రాసిన పేరును వేలితో ఒక్కో అక్షరమే తడిమాడు. రంగు ఇంకా ఆరలేదు. వేలి కొసంతా నల్లగా అయింది. రుమాలు ఇచ్చాను, తీసుకోలేదు. కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఆ నల్లని వేలిని మిగతా వేళ్ళకు తగలకుండా ఎడంగా పైకెత్తి, కతర్‌గామ్ వచ్చేదాకా అట్లాగే నిలబడ్డాడు.