సూర్యుణ్ణి కదలకుండా ఉంచే ఉద్యోగం

ఏలూరు లాల్ బాషాది సర్వే శాఖలో మహా గంభీరమైన ఉద్యోగం. కాగితాల్లో ఆయన పేరు పక్కన 'కలాసీ', అంటే సామాన్లు మోసేవాడు, అని మాత్రమే ఉండేది గాని, ఆయన చేసేది సూర్యుణ్ణి కదలకుండా ఉంచడం.

సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడో కొలవాలంటే ఓడవాళ్ళకు నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత ఒకటి ఉంటుంది. నేల మీద ఆ గీతకు తాటిచెట్లూ గట్లూ గడ్డివాములూ అడ్డం. అందుకని ఇనప పళ్ళెంలో పాదరసం పోసి, గాలి తగలకుండా గాజు కప్పు పెట్టి, పై సూర్యుడికీ పళ్ళెంలో సూర్యుడికీ మధ్య కోణం కొలిచి సగం చేస్తారు. పక్కన ఎవరైనా గట్టిగా అడుగేస్తే పళ్ళెంలో సూర్యుడు చితికిపోతాడు. ఆ పాదరసాన్ని వడకట్టి, పోసి, తిరిగి సీసాకెత్తి, మధ్యలో మనుషుల్నీ మేకల్నీ తోలడం బాషా పని. ఇరవై రెండేళ్ళుగా ఆయన పాదరసానికి నిలకడ నేర్పుతూ వచ్చాడు. అది ఆయన చేతులకు వణుకు నేర్పింది.

హకీము నీరసమన్నాడు. భార్య రబియా దిష్టి అంది. పింఛనుకు ఇంకా ఎనిమిది నెలలుంది. చేతులు చూస్తే ఆఫీసు ఏమంటుందో బాషాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుచేత ఎప్పుడూ చేతులు చంకల్లో పెట్టుకుని, ఎండాకాలంలో కూడా చలేస్తున్నట్టు నిలబడేవాడు.

ముప్ఫైనాలుగో సంవత్సరం జనవరిలో ముదినేపల్లి అవతల, నరసరాజు కళ్ళంలో మకాం వేశారు. కొల్లేటి అంచు ఏటా తనకు తోచినచోట ఉండేది. ఆఫీసుకది నచ్చలేదు, కొలిచి రమ్మంది. సర్వేయరు ఇమ్మానుయేలు గారు పడుచుతనంలో ఓడల్లో తిరిగిన మనిషి, కోణాలు కొలిచే సెక్స్‌టంటును తప్ప దేన్నీ నమ్మరు. తీరా చూస్తే ఆ నేల బురద మీద పరిచిన చాప. అటు చివర నరసరాజు ఎడ్లు వరి తొక్కుతుంటే ఇటు పళ్ళెంలో సూర్యుడు ఉలిక్కిపడేవాడు. రెండు మధ్యాహ్నాలు వృథా అయ్యాయి. బాషా లోలోపల ఆ ఎడ్లకు మొక్కుకున్నాడు. వణుకంతా వాటి ఖాతాలో పోతోంది.

మూడోరోజు ఎడ్లను ఆపించారు.

"ఏవండీ బాషాగారూ, సూరీడు రేపైనా వస్తాడండీ. వానొస్తే నా కుప్ప రేపుంటుందాండీ?" అన్నాడు నరసరాజు.

"నన్నడుగుతారేంటండీ? నేను పళ్ళెం మనిషిని," అన్నాడు బాషా నీరసంగా.

ఇక వంక పెట్టడానికి ఎడ్లు లేవు. సీసా వంచాడు. మణికట్టు ఒక్కసారి ఎగిరిపడింది. పాదరసం పళ్ళేన్ని దాటి, వెండి గోళీలై కళ్ళం నెర్రెల్లోకి పరుగెత్తి మాయమైంది. బాషా అక్కడే చతికిలబడ్డాడు. ఎనిమిది నెలలూ ఆ నెర్రెల్లోకే పోయాయనిపించింది.

నరసరాజు భార్య వెంకటనరసమ్మ పొయ్యి దగ్గర నుంచి చూసింది. పోసిన మజ్జిగలో సగం రోజూ ఆయన చొక్కా తాగడం ఆమె ఎరుగును.

"అన్నయ్యగారూ, లేవండి. ముందు కాస్త ఏదైనా తిందురు గాని."

లేచి వెళ్ళిన బాషా, ఆమె పక్కన చల్లారబెట్టిన బెల్లప్పాకం గిన్నెలోకి చూశాడు. నల్లటి పాకంలో సూర్యుడు గుండ్రంగా, బుద్ధిగా కూర్చున్నాడు. గిన్నెను కాలితో తట్టాడు. సూర్యుడు ఒళ్ళు విరుచుకుని మళ్ళీ సర్దుకున్నాడు.

"చెల్లెమ్మా, ఇది నాకిస్తావా?"

"తినడానికాండీ?"

"కొలవడానికి."

ఇమ్మానుయేలు గారు సెక్స్‌టంటు పట్టుకుని వచ్చేసరికి పళ్ళెంలో పాకం ఉంది, అంచుల మీదా, బాషా మోచేతుల దాకా కూడా ఉంది.

"పాదరసం ఏదోయ్?"

బాషా నోరు తెరిచేలోగా నరసరాజు అందుకున్నాడు. "మా గిత్త తన్నేసిందండీ!"

గిత్త కళ్ళం అవతలి కొసన, కట్టుకొయ్య దగ్గర గడ్డి నములుతోంది. ఇమ్మానుయేలు గారు గిత్తనీ, పళ్ళేన్నీ, బాషా చంకల్నీ వరసగా చూశారు.

"చాలా పొడుగు కాలండీ మీ గిత్తది," అన్నారు. తర్వాత వంగి, కొలవడం మొదలుపెట్టారు. మిట్టమధ్యాహ్నం ఇద్దరు సూర్యుళ్ళూ ఒకరినొకరు తాకి నిలిచారు. అంకెలు దొరికాయి. నరసరాజు ఎడ్లు మళ్ళీ కదిలాయి.

సాయంత్రం ఇమ్మానుయేలు గారు రిపోర్టు చదివి వినిపించారు. పాదరసం ఇకమీదట అక్కర్లేదట. పాకం ఎవరైనా పోయవచ్చునట. బాషా తన పదవిని తన చేతులతోనే, అదీ వణికే చేతులతో, రద్దు చేసుకున్నాడన్నమాట.

"అయితే," అని ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు, "పాకానికి చీమలు పడతాయి. ఈగలు ముసురుతాయి. ఇవాళ ఒక చీమ సూర్యుడి మీద అడ్డంగా నడిచింది. కనుక తోలడానికి అనుభవం గల కలాసీ ఒకడు తప్పనిసరి."

మర్నాడు బాషా పళ్ళెం పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇమ్మానుయేలు గారే వేపరెమ్మ విరిచి ఆయన చేతిలో పెట్టారు. బాషా ఏమీ చేయలేదు. రెమ్మ దానంతటదే ఊగింది. ఈగలు లేచిపోయాయి.

"బాగుంది. అలాగే కానీ బాషా, ఆపకు," అన్నారాయన సెక్స్‌టంటులోంచి కన్ను తీయకుండా.

బాషా ఎన్నాళ్ళకో రెండో చేతిని చంకలోంచి బయటికి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అదీ ఊగింది. ఊగనిచ్చాడు.