థర్మాకోల్‌ను కరిగించిన చేపనూనె

మా ఆయనతో నాచారం ఫ్యాక్టరీలో పనిచేసే యాదగిరి ఈ సాయంత్రం చేపనూనె గోలీలు అమ్మడానికి మా ఇంటికి వచ్చాడు. ఒక గోలీని చిదిమి, ఆ నూనెను థర్మాకోల్ ముక్క మీద పోశాడు. కాసేపటికి ముక్కకు చిల్లు పడింది.

“సూసినవా వదినా! అన్న గుండెల కొవ్వు గూడ గిట్లనే కరుగుతది. ఇగ డాక్టర్ గోలీలు బంద్ జెయ్యమను.”

మా ఆయన అప్పుడే తల ఊపుతున్నారు. నాకు భయమేసింది. మా అమ్మాయి వాడే నెయిల్ పాలిష్ రిమూవర్ తెచ్చి అదే ముక్క మీద పోశాను. ఇంకా పెద్ద చిల్లు పడింది.

“గిది ఇంకా జల్ది కరిగిచ్చింది తమ్మీ! మీ అన్నకు రోజుకెన్ని చెంచాలు తాపమంటవ్?”

యాదగిరి డబ్బా సర్దుకుని వెళ్లిపోయాడు. చేపనూనె మంచిదో కాదో డాక్టరునే అడుగుతాను. గుండె గోలీ వేసుకున్నానని మా ఆయన ఇప్పుడే చెప్పారు. రేపటి నుంచి మాత్రం నా ఎదుటే వేసుకోవాలి. మీ ఇళ్లకూ ఈ థర్మాకోల్ ముక్క వచ్చిందా?