టార్పాలిన్ కింద బరువు

అత్లోన్ అనే ఊరి దగ్గర ఒక పొలంలో పాత బండ్ల ప్రదర్శన జరుగుతుంటే వెళ్లాను. ఒక పాతకాలపు బ్రిటిష్ లారీ అద్దంలా మెరుస్తోంది. కానీ వెనక టార్పాలిన్ కప్పి, తాళ్లతో బిగించేశారు. దాని కింద ఏముందో చూడందే నాకు కాళ్లు కదలవు. అడగగానే యజమాని, ఒక ముసలాయన, తాళ్లు విప్పాడు. అన్నీ సిమెంటు దిమ్మెలు!

"ఇవన్నీ ఎక్కడికి?" అన్నాను.

"ఎక్కడికీ కాదు, మళ్లీ ఇంటికే. బరువు మోయడానికి చేసిన బండి ఇది. ఖాళీగా తోలితే ప్రతి గుంతకీ మన ఒళ్లు హూనం చేస్తుంది. బరువుంటే గ్రాండ్, కుదుపు లేకుండా హాయిగా పోతుంది."

నేను ఆస్పత్రి ఉద్యోగం నుంచి రిటైరై నెలైంది. అప్పట్నుంచి ఇంట్లో ప్రతిదానికీ చిరాకే. సాయంత్రం ఈ వింత మా ఆవిడకి చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "రేపట్నుంచి వంట మీరే చెయ్యండి" అంది.